ఇతరములు

పెనైన్ కొండల కింద క్రాగ్‌షా. ఫిబ్రవరి.
ఐదింటికే చీకటి.
కౌన్సిల్ మూడో అంతస్తులో హీటరు ఒకవైపే పనిచేస్తుంది.
అటు కూర్చున్నవాళ్లు కోటు విప్పుతారు,
ఇటు నేను తొడుక్కుంటాను.

తెరమీద వచ్చే ఏడాది.
ఇంకా రానే లేదు, అప్పుడే ఖర్చయిపోయింది.

ఎన్నేళ్లు ఈ దేశపు పద్దులు రాసినా
కూడిక తెలుగులోనే చేస్తాను, పెదవులు కదుపుతూ.
పౌనుకి నూరు పెన్నీలని కాగితానికి తెలుసు.
నాకు మాత్రం అది పదహారణాలు,
మా మేనత్త చీటీల పుస్తకంలో లాగ.

పదకొండణాలు ముందే గుమ్మంలో నిలబడతాయి:
మంచం దిగలేనివాళ్ల ఇంటికి పావుగంట కోసం వచ్చి
టీ కలిపి, మాత్ర మింగించి,
కోటు విప్పకుండానే వెళ్లిపోయే అమ్మాయి జీతం.
తమ ఇంట్లో ఉండకూడని పిల్లలకి వేరే ఇల్లు.
వాటి జోలికి వెళ్లకూడదు. చట్టం.
చట్టం లేకపోయినా వెళ్లలేం.

రెండణాలు చెత్తబళ్లకి, గుంటల రోడ్లకి,
మంచు రాత్రుల్లో కొండదారి మీద చల్లే ఉప్పుకి.
ఒక అణా, ఎప్పుడో కట్టిన ఈతకొలను అప్పుకి.
కొలను మూసేశాం. అప్పు ఈదుతూనే ఉంది.
ఒక అణా మాకు: ఈ కుర్చీలు, ఈ హీటరు, నేను.

మిగిలిన ఒక్క అణా చుట్టూ
లైబ్రరీలు, పార్కులు,
బడి దగ్గర పిల్లల్ని రోడ్డు దాటించే డోరీన్,
పెళ్లిలో చివరి బంతివాళ్లలా
ఆకులు ముందేసుకుని కూర్చుంటారు.
గరిటె అడుగంటిన చప్పుడు వాళ్లకీ వినిపిస్తుంది.

ఈసారి డోరీన్ ఆకు తీసేశాం.
తీసేశాం కాదు, తీశాను. నూట పన్నెండో వరుస. డిలీట్.
మర్నాడు పొద్దున ఆమె చెయ్యి చాచి
నా కోసం ఇసుకలారీ ఆపింది.
"చూసుకుని నడు తల్లీ, జారుతోంది" అంది.

ఆ తర్వాత అంకెల్ని గుండ్రం చేయడం.
సభకి అన్నీ వేలల్లోనే చూపాలి.
ఐదువందలు దాటితే పైకి, దాటకపోతే సున్నా.
సున్నాలో ఏముంటాయో నాకు తెలుసు.
టౌన్‌హాల్ గడియారానికి నూనె.
ప్రతి శుక్రవారం డెబ్బైమూడు మెట్లెక్కి
దానికి కీ ఇచ్చే విల్‌ఫ్రెడ్ ఆష్‌వర్త్ బస్సుచార్జీ
(దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు, మోకాలు కూడా లేదు).
కాలవ గట్టున బాతులకి రొట్టె వెయ్యొద్దనే బోర్డు.
ఎవరూ రాని అంత్యక్రియల్లో పెట్టె మీద ఒక పూలగుత్తి.
విడివిడిగా అన్నీ సున్నాలే. కలిపితే రెండు.
ఆ రెండుకి నేను పెట్టిన పేరు ఇతరములు.

సభలో రాత్రి తొమ్మిదయింది.
తొంభైరెండు మిలియన్ల గురించి ఎవరూ నోరెత్తలేదు.
అంత పెద్ద అంకె కొండ. కొండని ఎవరు నిలదీస్తారు?
కౌన్సిలర్ ఎంట్విజిల్ మాత్రం కళ్లజోడు సర్దుకుని
ముప్పైనాలుగో పేజీ మీద వేలు పెట్టారు.
"ఇతరములు, రెండు. ఏమిటా రెండు?"

లేచాను. నోట్లో తడి లేదు.
గడియారం అందామనుకున్నాను.
పూలగుత్తి అన్నాను.
పోయినేడు పద్నాలుగు, అన్నాను.
పద్నాలుగూ తెల్లచామంతులే, చవక గనక.

వేలు పేజీ మీద చాలాసేపు ఉంది.
తర్వాత పేజీ తిరిగింది.

ముప్పైఒకటికి ఇరవైనాలుగు. బడ్జెట్ నెగ్గింది.
డోరీన్ ఓడిందని ఎవరూ ప్రకటించలేదు.

బయటికొస్తే గడియారంలో తొమ్మిదీ నలభై,
నా ఫోనులో తొమ్మిదీ నలభైనాలుగు.
విల్‌ఫ్రెడ్‌కి చెప్పాలి.
చెప్పకపోయినా బావుణ్ణు. ఆ నాలుగు నిమిషాలు
ఏ పద్దులోనూ లేవు,
వాటిలో డోరీన్ ఉద్యోగం ఇంకా ఉంది.

రేపు ఆమెకి ఉత్తరం నేనే రాయాలి.
స్టాంపు ఖర్చు ఇతరముల కింద.