బతికొచ్చినవాడి సిలువ

మా వెస్సాన్ దీవిలో
సముద్రం మనుషుల్ని తీసుకుంటుంది, ఒళ్లు తిరిగివ్వదు.
అందుకే మైనంతో చేసుకుంటాం మనిషిని.
చిటికెనవేలంత సిలువ.
బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పడుకోబెట్టి
రాత్రంతా దాని పక్కన మేలుకుంటాం.
తెల్లారాక ఊరేగింపుగా గుడికి.
ప్రొయెల్లా అంటాం ఆ రాత్రిని.
అంటే ఏమిటని అడిగితే
"ఇంటికి రావడం" అనేది అమ్మమ్మ.

తుగ్దువాల్ మాల్గోర్న్ సిలువనాటికి నాకు తొమ్మిదేళ్లు.
కొవ్వొత్తి పట్టుకునే పని నాది.
మైనం కారి వేలు కాలితే ఏడ్చాను.
తుగ్దువాల్ కోసమనుకున్నారు అందరూ.
ఆయన కోసం ఏడ్చినవాళ్లు తక్కువ.
తాగుబోతు,
పొరుగువాడి గొర్రె చెవిమీద గుర్తు మార్చి అమ్ముకున్నవాడు.
అయినా భార్య గ్వెనోలా
పూస పూసకీ పెదవి కదిపింది,
జల్లుకి రాతిగోడ తడిసినట్టు
మెల్లగా, ఎడతెరిపి లేకుండా.
"నిత్య విశ్రాంతిని ఆయనకు దయచేయండి ప్రభువా."
మూడేళ్లు, నెలకో పూజ.
కానుకగా నెలకో డజను గుడ్లు.

నాలుగో ఏడు మార్చిలో
పడవ దిగి నడిచొచ్చాడు తుగ్దువాల్.
ఎడమచేతికి రెండు వేళ్లు లేవు.
నోట్లో ఏవో చిలీ రేవుల తిట్లు.
ఊరు ముందు సిలువ గుర్తు వేసుకుంది, తర్వాత నవ్వింది.
గ్వెనోలా నవ్వలేదు.
దుంపల కుండ దించి
రెండో కంచం పెట్టింది.

ఆయన గురువుగారిని అడిగిన మొదటి మాట లెక్క గురించే.
"నా పేరున ముప్పయ్యారు పూజలు చదివారు.
నేను చావలేదు.
మరి అవన్నీ ఎటు పోయాయి?"
ఫాదర్ హెర్బో ముక్కుపొడి పీల్చి,
తుమ్మి,
చాలాసేపటికి అన్నారు:
"చిరునామా తప్పిన ఉత్తరాన్ని
దేవుడి దగ్గర చింపెయ్యరు.
ఉత్తరించు స్థలంలో ఎవరూ లేనివాడొకడు
తలుపు వైపే చూస్తూ ఉండుంటాడు.
వాడికి అందుంటాయి."
"వాడి పేరు?"
"అది తెలిస్తే నేను ఈ దీవిలో ఎందుకుంటాను?"

ఆ రోజునుంచీ తాగడం మానాడని చెబితే బాగుంటుంది.
ఆ రోజే చిత్తుగా తాగాడు.
కానీ స్మశానంలో,
ఒళ్లు దొరకనివాళ్ల సిలువలు దాచే రాతిగూట్లోంచి
తన సిలువ తీసేస్తామంటే ఒప్పుకోలేదు.
"నా టిక్కెట్టు మీద ఎవడో పైకి పోయాడు.
వాడికి గుర్తు ఉండొద్దా?"

అప్పటినుంచీ ప్రతి నవంబరు రెండున,
సకల పునీతుల పండుగ మర్నాడు,
ఆ గూటి ముందు టోపీ తీసి నిలబడేవాడు.
ముందురోజు గుళ్లో పునీతుల పేర్లు వరసగా చదువుతుంటే
గోడకానుకుని కునుకు తీసేవాడే,
ఇక్కడ మాత్రం గాలికి కళ్లు కారుతున్నా కదిలేవాడు కాదు.
"ఒరే, నా పూజలు తిన్నవాడా"
అని మొదలెట్టేవాడు ప్రార్థన.
"ఇప్పుడు నువ్వు పైన కూర్చున్నావు.
గొర్రె సంగతి కాస్త మాట్లాడిపెట్టు.
గ్వెనోలా కీళ్లనొప్పుల సంగతి కూడా."
ఇద్దరు అన్నదమ్ములు పొలంగట్టు దగ్గర
వాదులాడుకుంటున్నట్టుండేది.
పండితులు దీన్నేమంటారో నాకు తెలీదు.

ఆయన మంచంలోనే పోయాడు, మామూలుగా,
చలికాలం చివర్న.
ఈసారి ఒళ్లుంది, పెట్టె ఉంది, గొయ్యి ఉంది.
గ్వెనోలా ఒక్క పూజా చెప్పించలేదు.
"వాడిది ఎప్పుడో ముందే కట్టేశాను" అంది,
చెప్పుల మట్టి దులుపుకుంటూ.
రాతిగుండె అనుకున్నాం.

ఆమె కూడా పోయిన చాలా ఏళ్లకి
గుడి బీరువా తుడుస్తుంటే
హెర్బో గారి లెక్కల పుస్తకం దొరికింది.
తుగ్దువాల్ తిరిగొచ్చిన నెల మొదలు
ఆమె పోయిన నెల దాకా, ఒక్క నెలా తప్పకుండా,
అదే సన్నటి రాత:
ఎవరూ లేనివాడికి. గుడ్లు, పన్నెండు.

నాకిప్పుడు ఎనభై ఏడు.
మోకాళ్లు వంగవు.
కోళ్లు ఎందుకింకా అంటుంది మా కోడలు.