నాలుగు మరలు

స్కూలు హాలు గోడకి ఆ తెల్ల డబ్బా బిగించింది నేనే.
నాలుగు మరలు, ఒక నిచ్చెన, పావుగంట పని.
పచ్చ దీపం మినుకుమనగానే పిల్లలు ఓహో అని అరిచారు.
ఫ్యారో దీవుల్లో చిట్టచివరి ఊరు మాది,
ఎనభై గడపలు, లెక్కలేనన్ని గొర్రెలు,
అంతవరకూ బయటి కబురంటే గాలి తెచ్చేదే.

అరిచినవాళ్లలో ఎయ్యున్ కూడా ఉన్నాడు.

మే నెలలో, పడవపందెం సాధనలో,
ఆరు తెడ్లలో నాలుగోది ఆగింది.
బూటు తాడు కట్టుకుంటున్నాడనుకున్నారు.
పదహారేళ్లవాడు
తెడ్డు మీద తల వాల్చి అలాగే ఉండిపోయాడు.
వాడి పక్కన కూర్చున్న కుర్రాడు
ఇప్పటికీ రేవు వైపు రాడు.

హాల్‌బేరా చేపల ఫ్యాక్టరీ నుంచి
రబ్బరు తొడుగులతోనే పరిగెత్తింది.
పొలుసులంటిన ఆ చేతులతోనే
కొడుకు చెంపలు తట్టింది.

నెల తిరిగాక నా కొట్టుకి వచ్చింది.
"త్రోందుర్, దాన్ని తీసెయ్.
రాన్‌వా కూతురికి గుండె దడ.
చర్చి పక్కింటి పిల్లాడు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు.
అన్నీ అది పెట్టాకే కదా?"

మీటరు తీసుకెళ్లి డబ్బా కింద పెట్టాను.
ముల్లు రవ్వంత కదిలింది.
ప్రమాదమని గీసిన గీతకి ఎంతో కింద.
చూపించాను.
"నీ ముల్లుకి కొడుకు లేడు" అంది.

ఆ వేసవంతా ఊరు గుండె గుప్పిట్లో పెట్టుకుని బతికింది.
ఫోన్లు బిస్కట్ డబ్బాల్లోకి వెళ్లాయి.
పాదిరి గారు ప్రసంగం మధ్యలో
తన మణికట్టు తనే పట్టుకుని చూసుకున్నారు.
నేనూ చూసుకున్నాను, ఎందుకు దాచాలి,
నిచ్చెన మీద, రెండుసార్లు.

తోర్స్‌హావ్న్ నుంచి డాక్టరమ్మ వచ్చింది.
తరంగాల వల్లేనని ఇంతవరకు తేలలేదంది.
ఈ దీవుల్లో కొన్ని ఇళ్లకి
తరతరాలుగా రక్తంలో ఒక సరుకు తక్కువట,
అది అడుగంటితే గుండె చెప్పాపెట్టకుండా ఆగుతుందట.
తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం.
పరీక్ష ఉంది. మందూ ఉంది.

హాల్‌బేరా కుర్చీలోంచి లేచింది.
"అయితే నేనిచ్చిందా?"
అంతమందిలో ఒక్కరూ దగ్గలేదు.

అప్పుడు అర్థమైంది నాకు.
డబ్బా అయితే విప్పెయ్యొచ్చు.
రక్తానికి ఏ స్క్రూడ్రైవరు పెట్టాలి?

ఆ రాత్రి వెళ్లి దాన్ని తీసేశాను.
డాక్టరమ్మ మాట నమ్మకపోవడం వల్ల కాదు.
మూడు మరలు సొరుగులో వేశాను,
నాలుగోది కోటు జేబులో ఉండిపోయింది.
గోడకి నాలుగు చిల్లులు.
హెడ్మాస్టరు అడిగితే రిపేరన్నాను.

సెప్టెంబరులో పరీక్షల వరస కట్టారు.
హాల్‌బేరా చిన్నకూతురు బైంతాని తెచ్చింది,
పిల్ల చొక్కా చెయ్యి తనే మడిచింది,
సూది దిగుతుంటే మాత్రం కిటికీ వైపు చూసింది.
ఫలితం ఫోనులో చెబుతామన్నారు.

వాళ్ల ఇల్లు కొండ మడతలో ఉంది, సిగ్నలు అందదు.

ఇవాళ గొర్రెల కంచె సరిచేయడానికి పైకి వెళితే
మంచులో టవరు కింద మనిషి కనిపించింది.
బిస్కట్ డబ్బా మూత తీసి పక్కన పెట్టి,
కోడిపిల్లని పట్టుకున్నట్టు
రెండు దోసిళ్లతో ఫోను పట్టుకుని.

"ఇక్కడైతే బాగా వస్తుందంటావా?" అని అడిగింది.
ఇంకొంచెం ఇటు జరగమన్నాను.
జరిగింది.