నూటికి నూట మూడు

తిండి లేకున్నా ఉంటుంది గానీ
చలి లేకుంటే మా డిటెక్టర్ ఒక్క పూట ఆగదు.
వారానికోసారి బెంగళూరు నుంచి ద్రవ నైట్రోజన్
మూతి చుట్టూ పొగ కక్కుకుంటూ దిగుతుంది.
బయట అనంతపురం, మే నెల, నలభై మూడు డిగ్రీలు.
లాలెప్ప గ్లౌజులు తొడుక్కుని వంపుతాడు.
"దీనికున్న భోగం మనకు లేదు మేడం" అంటాడు.

నా పని చిన్నది.
ఒక కేంద్రకం విడిపోయేటప్పుడు
నూటికి ఎన్ని ఏ దారిన పోతాయో రాసిపెట్టడం.
ఇటు అరవై రెండు. అటు ఇరవై తొమ్మిది.
చీకట్లో ఇంకో సన్నదారి, దానికి పన్నెండు.
కూడితే నూరు రావాలి.
ఆ రాత్రి నూట మూడు వచ్చింది.

కాలిక్యులేటర్ మార్చి కూడాను.
చిన్నప్పటిలా వేళ్ళ కణుపుల మీద కూడాను.
నూట మూడే.
ప్లస్ ఆర్ మైనస్ అనే పరుపు ఒకటుంటుంది,
ఆ మూడింటినీ దాని కిందికి తోసేయొచ్చు.
నేనూ తోసేదాన్నే,
నాయన గుర్తు రాకపోతే.

మా నాయన కుళ్లాయప్ప
శెనిక్కాయల మండీలో కాటా పట్టినోడు.
ఒకనాడు సరుకు రావలసినదానికన్నా ఎక్కువ తూగింది.
తెచ్చిన రైతు మీసం కింద నవ్వుకున్నాడు.
నాయన నవ్వలేదు. తూకం రాళ్ళు బోర్లించాడు.
ఒకదాని అడుగున సీసం ఎప్పుడో రాలిపోయి
ఉసిరికాయంత గుంత.
"తక్కువొస్తే ఊరంతా అరుస్తుంది పాపా,
ఎక్కువొచ్చినప్పుడు అరిచేవాడే కాటా మనిషి."

సరే, అరుద్దామని
అలమరలో పట్టికలన్నీ దించాను.
ఐదు పట్టికలు. ఐదింట్లోనూ పన్నెండే.
ఐదుగురు సాక్షులు ఒకే మాట మీదుంటే
నేనెవరిని కాదనడానికి?
అయినా అడుగున సన్నక్షరాలు చదివాను.
ఐదోది నాలుగోదాన్ని చూసి రాసింది,
నాలుగోది మూడోదాన్ని, మూడోది రెండోదాన్ని.
సాక్షులు ఐదుగురే గానీ, నోరు ఒకటే.

మొట్టమొదటి కొలత ఎక్కడుందో
కడపలో ఓబులేసు సారుకు తెలుసు.
రిటైరై పదేళ్ళు, అట్టపెట్టె మటుకు కట్టు విప్పలేదు.
టైపు కొట్టిన కాగితం, కార్బన్ మరకలు.
సన్నదారికి తొమ్మిది.
పన్నెండు దాని పై వరుసది, వేరే కేంద్రకానిది.
ఎవరి వేలో ఒక వరుస జారింది.

సారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ అడిగాడు:
"మొదట జారింది ఎవరమ్మా?"
రెండోది ఎవరిదో నాకు తెలియదు.
మూడోది నాది.
పదకొండేళ్ళ కిందట,
అడుగున నా సంతకం,
దాని పక్కన నా చేత్తోనే: సరిచూడబడినది.

కర్నూలు, కడప, మేము, ముగ్గురం కూర్చున్నాం.
ఒకరు రాసింది ఇంకో ఊళ్ళో చూడకుండా కూడాలని,
కాపీని కొలతగా లెక్కపెట్టకూడదని,
తప్పు దొరికితే ముగ్గురికీ తెలియాలని.
ఒక చిట్టా గీశాం.
ఎక్కడ, ఎంత, ఎవరు పట్టారు, ఎవరు మళ్ళీ చూశారు.
కర్నూలు షంషాద్ ఇంకో గడి గీయమంది:
ఎవరి తప్పు?
సారు స్కేలు పక్కన పెట్టేశాడు.
"ఆ గడి గీస్తే మిగతా గడులు ఖాళీగా ఉంటాయి బిడ్డా."
షంషాద్ ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు.

మొదటి నంబరు నేనే రాశాను.
గడి లేదు కాబట్టి
అంచున, పెన్సిల్‌తో, నా పేరు.

మర్నాడు లాలెప్ప తలుపు దగ్గర నిలబడ్డాడు.
గ్లౌజులు చేతిలో, చూపు నేల మీద.
"మేడం, ఉగాది పక్క ఆదివారం
నైట్రోజన్ పోశానని పుస్తకంలో రాసినా.
పోయలేదు. పాపకు జ్వరం."

ఆ వారం కొలతలు తీసి చూశాను.
శిఖరాలన్నీ కాస్త లావెక్కి, పక్కకు ఒరిగి
ఎండకు మెత్తబడిన కొవ్వొత్తుల్లా ఉన్నాయి.
నెలన్నరగా వాటిని చూస్తూనే ఉన్నాను.

ఆరు రోజుల పని కొట్టేశాను.
చిట్టాలో రెండో నంబరు.
ఎవరు పట్టారు అన్న గడిలో
లాలెప్ప అని రాశాను.