గ్రిమ్స్‌బీ, నాలుగున్నర

చేపల వేలం ఏడింటికి.
ఇప్పుడు నాలుగున్నర. కిటికీ మీద ఉప్పు వాన.
పాస్‌వర్డ్ ఒప్పుకుంది, లోపలికి రానిచ్చింది,
రానిచ్చాక అంది:
ఇక్కడ ఏదీ చూసే హక్కు మీకు లేదు.

పేరు గొప్ప సూపర్ యూజర్ని.
ఆ యూజర్ని రాసింది నేనే,
యూజర్‌నేమ్ తీసేసి ఈమెయిల్ పెట్టి,
పడవ నంబరుకో గడి కట్టి
ముచ్చటపడి, సొంతంగా.

మోరీన్ రెండుసార్లు ఫోన్ చేసింది.
కాడ్ నలభై పెట్టెలు, హాడక్ ఎక్కించడం కుదరట్లేదు,
ఐసు కరుగుతోంది,
ఆమె గొంతు మాత్రం కరగట్లేదు.

టేబుల్ తెరిచి చూశాను.
స్టాఫ్ గడిలో నిజం. సూపర్ గడిలోనూ నిజం.
మరి కాదంటున్నది ఎవరు?

దొరికింది.
మార్చిలో, ఏదో ఎర్రర్ నోరు మూయించడానికి,
అర్ధరాత్రి, టీ చల్లారుతుంటే
నా చేత్తో నేనే రాసిన రెండు వరుసలు:
ఎవరడిగినా
ఏ అనుమతి అడిగినా
ఫాల్స్.
పక్కన కామెంటు: తర్వాత చూద్దాం.

వరుసలు చెరిపాను.
క్లాసు తలవాకిట పర్మిషన్స్ మిక్సిన్ చేర్చి
మైగ్రేషన్ నడిపి
ఊపిరి బిగబట్టాను.

ఐదూ యాభైకి మోరీన్ లోపలికొచ్చింది.
థాంక్స్ అనలేదు.
తెర మీద ఒక గడి నిండింది:
హాడక్, ముప్పై ఒకటి.