అగ్గిపెట్టె ఉందా

బెంగళూరికొచ్చిన మొదటి ఏడు
నాకు కన్నడంలో వచ్చిన మాటలు మూడే.
నీళ్లు. ఎంత. అగ్గిపెట్టె ఉందా.
మూడోది కబ్బన్ పార్కులో నేర్చుకున్నా,
వెదురు పొదల అవతల, దీపం చెడిపోయిన స్తంభం కింద.
బెంకిపొట్న ఇదియా?

అడిగినవాడికి అగ్గి అక్కర్లేదని
ఇద్దరికీ తెలుసు.
పుల్ల వెలిగినంతసేపే మొహం కనపడేది.
మీసం, నుదుటి మీద పాత కుట్టు,
పారిపోవడానికి సిద్ధంగా ఉన్న కళ్లు.
మంట వేలిని తాకేలోపు
మనిషిని చదివేయాలి.
పోలీసా, దొంగా, మనోడా.

అప్పటికి నాకు పొగ అలవాటు లేదు.
చిక్‌పేటలో పట్టుచీరలు మడత పెట్టేవాణ్ణి,
సరుక్కి వాసన పడుతుందని
సేటు వక్కపొడి కూడా నమలనిచ్చేవాడు కాదు.
కానీ చీకట్లో ఒక్కడే నిలబడ్డ మగాడు
ఎందుకు నిలబడ్డాడో లాఠీకి చెప్పుకోవాలి.
చేతిలో సిగరెట్టు ఉంటే అదే జవాబు.
దమ్ము కొడుతున్నా సార్.
సరే, పో పో.
ఆ "పో పో" కోసం
రోజుకు రెండు, ఆరు, పదహారు.

మునిచంద్ర అలాగే దొరికాడు.
మార్కెట్లో పూలు తూచేవాడు,
వేళ్లకు కనకాంబరం తడి, బీడీ కంపు.
లింగరాజపురంలో పదకొండేళ్లు ఒకే గది.
ఓనరమ్మ "మీ ఇద్దరికీ పెళ్లిళ్లెప్పుడయ్యా" అన్నప్పుడల్లా
మేడెక్కి చెరొకటి ముట్టించేవాళ్లం.
నవ్వేవాళ్లం.
పోనుపోను ఆ నవ్వులో సగం దగ్గే.

వాడి గొంతు పాడయ్యాక
ఆసుపత్రిలో కాగితం చేతికిచ్చారు.
రోగికి ఏమవుతారు?
బంధువు, అని రాశా.
ఏ వరస, అంది నర్సు. చెడ్డమనిషేం కాదు,
రాసుకోవాలి కాబట్టి అడిగింది.
మన భాషలో వరసలకేం తక్కువ?
తోడల్లుడికి ఉంది, వియ్యంకుడికి ఉంది,
వేలు విడిచిన మేనమామకు కూడా ఉంది.
వేలు విడవని నాకే లేదు.
కోలారు నుంచి వాడి తమ్ముడు వచ్చిందాకా
మెట్ల కింద నిలబడ్డా,
పొగ తాగరాదు అన్న బోర్డుకు వీపు ఆనించి.
ఎన్ని తాగానో లెక్క లేదు.
తమ్ముడు లోపలికెళ్లి
ఐదు నిమిషాల్లో బయటికొచ్చాడు.

ఆ తర్వాత నా వంతు.
గొట్టం నోట్లో పెట్టి పీల్చమన్నారు,
మూడు బంతులు లేవాలట.
ఒకటి లేచింది, చుట్టూ చూసి కూర్చుంది.
కుర్ర డాక్టరు పట్టిక ముందేసుకుని
ఎప్పుడెప్పుడు తాగాలనిపిస్తుంది, అన్నాడు.
టీ తర్వాత. అన్నం తిన్నాక.
ఇంకా?
ఇంతే సార్.
పట్టికలో గడులు అంతవరకే ఉన్నాయి.

నాగవేణి వేరేలా అడిగింది.
శివాజీనగర్లో మనవాళ్ల కోసం రెండు గదుల ఆఫీసు ఆమెది.
మీటింగు పెడితే సగంమంది మెట్ల మీదే ఉంటారు,
ఒకప్పుడు నేనూ, నా సుమిత్రా అక్కడే, అంది.
తర్వాత, టీ గ్లాసు పక్కకు జరిపి,
"మొదటిది ఎవరికి భయపడి ముట్టించావు?"
ఇరవై రెండేళ్లలో ఎవరూ అడగలేదు అలా.
చెప్పడానికి గంటన్నర పట్టింది.
ఆ గంటన్నరా తాగలేదని
బస్సెక్కాక గుర్తొచ్చింది.

నిన్నటికి పంతొమ్మిది రోజులు.
నడుమ ఒకరోజు తప్పా.
నాగవేణితో చెప్పా, ఓనరమ్మతో చెప్పలేదు.

నిన్న పార్కుకెళ్లా, ఊరికే.
ఆ స్తంభానికి తెల్ల దీపం పెట్టారు,
కుర్రాళ్లు ఇంకా లోపలికి జరిగారు.
ఒకడొచ్చాడు, ఇరవై ఉంటాయేమో,
బ్యాగు కడుపుకు అదుముకుని.
బెంకిపొట్న ఇదియా?
జేబులో ఉంది. మునిచంద్రది, నాలుగు పుల్లలు మిగిలింది.
లేదన్నా.
నీ పేరేంటన్నా.
వాడు ఒకడుగు వెనక్కి వేశాడు.
పేరడిగేది పోలీసే కదా,
నేనైనా అలాగే అనుకునేవాణ్ణి.

వెదుళ్ల అవతల పుల్ల గీసిన చప్పుడు.
వాడి మొహం ఒకసారి వెలిగి ఆరింది.
తర్వాత దగ్గు.
మొదటి దమ్ముకు వచ్చే దగ్గు అది,
ఎక్కడ విన్నా గుర్తుపడతాను.