రెండు ధరలు

మూర్ మార్కెట్ కాంప్లెక్సులో మా కొట్టు.
సెంట్రల్ స్టేషన్ అనౌన్సుమెంట్లు మాకూ వినిపిస్తాయి.
తొంభై ఎనిమిదిలో షావుకారుపేటలో
ఒక మేడ ఖాళీ చేస్తుంటే
నాన్న ఈ రికార్డుల్ని కిలోల లెక్కన కొన్నాడు.
ఒక తట్టలో గొంతులు,
ఇంకో తట్టలో తూకంరాళ్లు.

ఇప్పుడు అట్ట మూల నలిగితే రెండు వేలు,
నలక్కపోతే నా నోటికొచ్చినంత.

"ప్లేయరుందా అమ్మా?"
"లేదండీ, గోడకి."
ఆ పాటే ఫోన్లో వినిపించింది, ఊరికే,
మధ్యలో సబ్బు ప్రకటనతో సహా.
మూడున్నర వేలన్నాను.
బేరమైనా ఆడలేదు.
అట్ట వెనక ఇంకుపెన్ను రాత:
కనకవల్లి, తండయార్‌పేట. తిరిగి ఇవ్వవలెను.
అది కూడా బాగుందంది.

శనివారాలు పెరంబూరు నుంచి
చెంగల్రాయుడు వస్తాడు.
రైలుపెట్టెలకి రంగులేసిన చెయ్యి.
రికార్డుని ట్యూబులైటు కింద వాల్చి
గీతలు లెక్కపెడతాడు.
"రెండోపాటలో ఎగురుతుంది," అన్నాను.
"తెలుసు. అక్కడ నేనందుకుంటా."

నూట యాభై చెప్పాను.
పక్కకొట్టు గౌస్ తల బాదుకున్నాడు.

కానీ సూది!
సూది జపాను నుంచి రావాలి,
దాని ధర నా చేతిలో లేదు.
ఆయన జేబు తడుముకుని
రెండింట్లో సూదే తీసుకున్నాడు.
"ఇది వచ్చే నెల," అన్నాడు.

పాత దినపత్రికలో చుట్టి
గల్లాపెట్టె కింద దాచాను,
గోడలవాళ్ల కంటపడకుండా.