తేమ

ఆదివారం పొద్దుగూకినంక కాజీపేటల
సమ్మయ్య హోటల్ వెనక బల్ల మీద
మా ఫోటోలు పరుచుకుంటం.
చాయ్ మరకలు అంటకుండ ముందుగాల పాత పేపరేస్తడు జబ్బార్.

లోకోషెడ్డుల మెకానిక్. మాటంటే కోసుడే.
"చెరువు పక్కకు ఒరిగింది,
నీళ్లు కారిపోతున్నయ్ పట్టుకో."

ఇయ్యాల నాది
ఎనుమాముల మార్కెట్ల మిర్చి రాశి.
స్వరూప టీచర్ అంచు మీద పోస్టుకార్డు పెట్టి
ఎడమ దిక్కు రెండు వేళ్ల మందం మూసేసింది.
"ఇప్పుడు సూడు, బొమ్మకు ఊపిరాడుతుంది."

నిజమే.
నడుమ ఒక్కకాడ ఎరుపు నలుపుకు తిరిగింది.
ఆ నీడకే అందరు పడిపోయిన్రు.
జబ్బారంతటోడు వహ్వా అన్నడు,
నాకు మూడేండ్లల్ల మొదటిది.

కప్పులు తీస్తందుకు వచ్చిన ఓదెలు,
పగలంత యార్డుల హమాలీ, మాపటికి ఈడ,
వంగి చూసిండు.
"నీడ గాదు సారూ, తడిసింది.
రాత్రి వానకు.
సగం రేటు గూడ రాదు గీనికి.
ఆ రైతు ఏం జేసిండు?"

నేను చూడలే.
వెలుగు పోతదని తొందరల ఉంటి.

టీచర్ మెల్లగ పోస్టుకార్డు తీసింది.
ఎడమ అంచున
తువ్వాలతోటి రాశిని అద్దుతున్న చెయ్యి,
మోచేతి దాక.